హైదరాబాద్‌లో తీసే సినిమాల్లో మన హైదరాబాద్ ఎక్కడుంది?

చిక్కడపల్లి_సెకండ్‌షో
శుక్రవారం, రాత్రి 11:50

ఈ మధ్య వచ్చిన సినిమాలు, సిరీస్‌లు, పాటల గురించి మనసులో ఉన్నది దాచుకోకుండా రాస్తున్నా. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

మంచి సినిమాలు రావట్లేదని నేననను. బలగం చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. కోర్ట్ సినిమాలో మంగపతిగా శివాజీ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ చేతులు బిగుసుకుపోయాయి. 35 చిన్న కథ కాదు లాంటి సినిమా తీయాలన్న ఆలోచన వచ్చినందుకే ఆ టీమ్‌కి దండం పెట్టాలి. పాస్ మార్కుల చుట్టూ రెండు గంటలు కూర్చోబెట్టి, లెక్కలు రాని పిల్లాడి కోసం టెన్త్ తప్పిన తల్లి మళ్లీ పుస్తకం పట్టడం చూపించారు.

నా బాధ వేరు. ఈ సినిమాలన్నిటికీ ఒక ఊరు ఉంది. కోర్ట్‌కి వైజాగ్, 35కి తిరుపతి, దసరాకి సింగరేణి బొగ్గు, పుష్పకి చిత్తూరు అడవి, తండేల్‌కి శ్రీకాకుళం సముద్రం, కమిటీ కుర్రోళ్ళకి గోదావరి జిల్లా జాతర. మరి హైదరాబాద్ సంగతేంటి? పరిశ్రమ మొత్తం ఇక్కడే కదా ఉంది. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, ఫిలింనగర్‌లో ఆఫీసులు, అన్నపూర్ణ, సారథి, రామానాయుడు స్టూడియోలు, ఊరి బయట రామోజీ ఫిల్మ్ సిటీ. తీసేవాళ్లంతా ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటారు. తెర మీద మాత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఒక డ్రోన్ షాట్, చార్మినార్ ఒక్క క్షణం, గచ్చిబౌలిలో అద్దాల ఆఫీసు. అంతే, ఊరు అయిపోయింది.

హీరో ఇల్లు ఏ గల్లీలో ఉందో తెలియదు. అద్దె కడతాడో లేదో తెలియదు. మంజీరా నీళ్లు ఎన్నింటికి వస్తాయో, బోనాల రోజు వీధి చివర ఏం జరుగుతుందో, పక్కింటివాళ్లతో ఏ భాషలో మాట్లాడతాడో ఏదీ ఉండదు. కోటి మందికి పైగా బతుకుతున్న ఊరికి ఇంత అన్యాయమా?

డార్లింగ్_అభిమాని
శనివారం, ఉదయం 7:15

బ్రో, మల్టీప్లెక్స్‌లో టికెట్ 295. అంత పెట్టి కూకట్‌పల్లి ట్రాఫిక్ చూడమంటావా? అది రోజూ ఫ్రీగానే చూస్తున్నాం. నేను కల్కి చూసింది కాశీ ఆ కాలానికి ఎలా మారిపోయిందో చూడ్డానికి. బాహుబలి: ది ఎపిక్ అని రెండు భాగాలూ కలిపి మళ్లీ వేస్తే దాదాపు మూడు ముప్పావు గంటలు కూర్చున్నా, ఒక్క నిమిషం ఫోన్ తీయలేదు. మాహిష్మతి ఏ జిల్లాలో ఉందని ఎవరైనా అడిగారా? పెద్ద తెర పెద్ద లోకాలకే. నాకు అదే ఇష్టం, దాచుకోను.

పద్మారావునగర్_పిల్ల
శనివారం, ఉదయం 8:02

సెకండ్‌షో గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా కాలనీ పేరు చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ 2004లో వచ్చిన ఆనంద్ సినిమానే దిక్కు. శేఖర్ కమ్ముల తను తిరిగిన వీధుల్లోనే తీశారు కాబట్టి ఆ గేట్లు, ఆ వానలో తడిసిన చెట్లు, ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం, అన్నీ మావే అనిపిస్తాయి. మా అమ్మ ఆ సినిమా టీవీలో వచ్చిన ప్రతిసారీ కథ వదిలేసి వెనకాల ఇళ్లు చూస్తుంది, ఇది ఫలానావాళ్లది, ఇప్పుడు అపార్ట్‌మెంట్ అయింది అని.

ఆ తర్వాత నాకు ఈ ఊరు నిజంగా వినిపించింది డీజే టిల్లులో. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. చాలామంది హీరోయిన్ పాత్ర రాధిక గురించే మాట్లాడతారు, నేను మాత్రం ఆ తండ్రీకొడుకుల గురించి చెబుతా. మురళీధర్ గౌడ్ గారు తండ్రిగా కొడుకుని తిడుతుంటే అందులో కోపం, ముద్దు, పరువు భయం మూడూ ఉంటాయి. అది స్క్రిప్టులోంచి వచ్చిన తిట్టులా ఉండదు, మా మామయ్య ఇంట్లో వినే తిట్టే. బలగంలో అల్లుడి పాత్రలో అలిగి కూర్చున్నదీ ఆయనే. ఆయన ఉన్న ప్రతి సీనూ నాకు ఇష్టం.

కేపీహెచ్‌బీ_ఆరోఫేజ్
శనివారం, ఉదయం 9:40

నాది గుంటూరు వైపు. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. మీ హైదరాబాద్ అంటే చిక్కడపల్లి, పద్మారావునగర్. నా హైదరాబాద్ అంటే నలుగురికి ఒక గది ఉన్న హాస్టల్, ఆదివారం చికెన్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మెట్ల మీద అతికించిన పాంప్లెట్లు, పండక్కి ఊరెళ్లే బస్సు కోసం రాత్రంతా రోడ్డు మీద నిలబడటం. సగం ఊరు ఇలా వచ్చినవాళ్లదే. ఇదీ తెర మీదికి రాలేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడంటే సినిమాలో మొదటి రోజు నుంచే గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాడు.

2025లో నాకు బాగా నచ్చింది లిటిల్ హార్ట్స్. లాంగ్‌టర్మ్ కోచింగ్ బతుకుని అంత నిజాయితీగా ఎవరూ తీయలేదు. మౌళిని ఈటీవీ విన్‌లో 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్‌లో చూసినప్పుడే అనుకున్నా, ఈ కుర్రాడు నిలబడతాడని. పెద్ద హీరో లేడు, ఫైట్ లేదు, జనం నోటి మాట మీదే ఆడింది. ర్యాంకు రాని కుర్రాణ్ని ఇంట్లోవాళ్లు ఎలా చూస్తారో అందరికీ తెలుసు కాబట్టే ఆడింది.

కరీంనగర్_బిడ్డ
శనివారం, ఉదయం 11:05

బలగం పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నా.

మా దగ్గర ఆ సినిమాని ఊళ్లల్ల తెర కట్టి చూసిన్రు. అమ్మలక్కలు, ముసలోళ్లు, చిన్నపిల్లలు కింద కూసున్నరు. చివర్ల బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాట అందుకున్నప్పుడు మాటల్లేవు. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇండ్లు ప్రతి వాడకూ ఉంటయ్. ఆ పాట నేరుగా వాళ్ల పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది. పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాది ఎట్ల బుగులువడతరో అదంతా మేం చూసి పెరిగినదే. మొగిలయ్య 2024 డిసెంబర్‌ల కాలం చేసిండు. సినిమా రాకముందు ఆయన ఊరూరా తిరిగి చావు ఇండ్ల ముందట పాడినప్పుడు ఎవరూ పేరు అడగలేదు. వేణు యెల్దండి ఆ పాటను ఎత్తుకొచ్చి సినిమాకు గుండెకాయ జేసిండు. ఇదే సినిమాల ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామన్నకు జాతీయ అవార్డు వచ్చింది, 2025 ఆగస్టు 1న ప్రకటించిన్రు. ఆ రోజు మా ఇంట్ల మిఠాయి పంచినం.

ఇగ అసలు ముచ్చట. తెలంగాణ యాస వస్తే హైదరాబాద్ వచ్చినట్టే అని సినిమావాళ్లు అనుకుంటున్నరు. కాదు. మా కరీంనగర్ మాట వేరు, పట్నం గల్లీ మాట వేరు. ఒకప్పుడు మా మాట విలన్‌కో కమెడియన్‌కో ఇచ్చేటోళ్లు. 2017ల ఫిదాల భానుమతి వచ్చినంక హీరోయిన్ నోట కూడా పలికింది. సంతోషం. ఊరు తెరకెక్కింది. పట్నం మాత్రం ఇంకా బయటనే నిలవడ్డది.

ఆర్ట్‌డిపార్ట్‌మెంట్
శనివారం, మధ్యాహ్నం 2:30

నేను సెట్ వర్క్‌లో ఉంటాను, ఏ సినిమా, ఏ కంపెనీ అన్నది అడగొద్దు. ఊరు ఎందుకు కనిపించదో నా వైపు నుంచి చెబుతా.

ఒక పేరున్న హీరోని తీసుకుని చార్మినార్ దగ్గర, బేగంబజార్‌లో, కనీసం సీతాఫల్‌మండిలో షూటింగ్ పెట్టుకోవాలంటే ముందు పోలీసు పర్మిషన్, మున్సిపల్ పర్మిషన్, దుకాణాల వాళ్లతో బేరం. అన్నీ అయ్యాక హీరో కారు దిగగానే పది నిమిషాల్లో గల్లీ నిండిపోతుంది. ప్రతి ఒక్కరి చేతిలో ఫోన్. ఆ రోజు సీను ఆ రోజే లీక్. కాల్షీట్ పోతుంది, యూనిట్ మొత్తానికి భత్యం కట్టాలి. అందుకే ప్రొడక్షన్ వాళ్లు రిస్క్ తీసుకోరు. సెట్ వేసేస్తారు.

సెట్ ఎలా వేస్తామో చెప్పనా? గల్లీ అంటే మాకు ప్లైవుడ్, కర్రలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ముందు గోడ నిలబెట్టి, దాని మీద సున్నం రంగు, తర్వాత అసలు పని మొదలు. కొత్త గోడ కెమెరాలో అబద్ధంగా కనిపిస్తుంది. వాన నీళ్లు ఎక్కడ కారతాయో చూసుకుని ఆ కిందంతా మరకలు పెట్టాలి. మనిషి భుజం ఆనుకునే ఎత్తులో రంగు మాసిపోవాలి. స్విచ్ బోర్డు చుట్టూ వేలిముద్రల మురికి, తలుపు కింద నాచు, కరెంటు తీగలు ఒకదాని మీద ఒకటి, పాత పోస్టర్ మీద సగం చింపిన ఇంకో పోస్టర్. ఇవన్నీ చేసే టైమ్ ఉంటే గల్లీ బతుకుతుంది. చాలాసార్లు రేపే షూటింగ్ అంటారు. అప్పుడు నాలుగు రంగులు కొట్టి, పతంగులు వేలాడదీసి, ఒక బిర్యానీ డేగిసా పెట్టి ఓల్డ్ సిటీ అనేస్తారు. మీరు థియేటర్‌లో చూసేది అదే.

చిక్కడపల్లి_సెకండ్‌షో
శనివారం, మధ్యాహ్నం 3:10

ఆర్ట్‌డిపార్ట్‌మెంట్ అన్నా, ఇదే నాకు కావాల్సింది. నీ మాటకు ఒక ఉదాహరణ: 2003 సంక్రాంతికి వచ్చిన ఒక్కడు. అందులో చార్మినార్ సెట్టే. అయినా ఆ మేడల మీంచి మేడల మీదికి దూకడం, కింద బజారు, ఇంటి మీద నుంచి మినార్లు కనిపించడం చూస్తే నమ్మేస్తాం. అంటే సెట్ తప్పు లేదు. ఆ సెట్‌లో ఒక కుటుంబం నిజంగా ఉంటోందని దర్శకుడు అనుకున్నాడా లేదా అన్నదే తేడా.

డార్లింగ్ తమ్ముడూ, నీ పెద్ద లోకాలు నాకూ ఇష్టమే. కానీ ఒకటి ఆలోచించు. నాటు నాటు పాటని ప్రపంచం ఎగబడి చూసింది, 2023లో ఆస్కార్ వచ్చింది. చిత్రీకరణ కీవ్‌లో, ప్యాలెస్ ముందు. చంద్రబోస్ గారు రాసిన మాటల్లో మాత్రం ఉన్నది జొన్న రొట్టె, మిరప తొక్కు, మర్రిచెట్టు నీడ. ప్యాలెస్ ఎవరిదైనా పాట ఊరిదే. నేనడిగేది అంతే, ఆ ప్రేమ హైదరాబాద్ మీద కూడా చూపించమని.

యాకుత్‌పురా
శనివారం, సాయంత్రం 5:20

సలాం అందరికీ. చదువుతున్నా చాలాసేపటి నుంచి. నేను ఓల్డ్ సిటీ అమ్మాయిని, తెలుగు మీడియం చదివాను, బ్యాంకులో పని. ఇంట్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో తెలుగు. మా అన్నయ్యలు చిరంజీవి గారి పాటలకి పెళ్లిళ్లలో డాన్స్ చేసి పెరిగినవాళ్లు. మేము తెలుగు సినిమా చూస్తాం, తెలుగు సినిమా మమ్మల్ని చూడదు.

తెర మీద మావాళ్లు వస్తే మూడే పనులు. హీరోకి ప్రాణం ఇచ్చే ఫ్రెండ్ అవుతారు, ఖవాలీ పాడతారు, లేదా బాంబు పెడతారు. మా నాన్న అవేమీ చేయలేదు. ఆయన వాచ్ రిపేర్ షాపులో నలభై ఏళ్లు కళ్లు పోగొట్టుకున్నారు. పండగ ముందు రాత్రి మదీనా బిల్డింగ్ దగ్గర గాజుల కోసం అత్తా కోడళ్లు ఎలా తగువు పడతారో, కిరాయి ఇంటికి వెళ్తే పేరు అడిగాక ఓనర్ మొహం ఎలా మారుతుందో, మెట్రో దిగి బుర్ఖా సర్దుకుని ఐటీ కంపెనీలోకి వెళ్లే అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో ఒక్క రచయిత వచ్చి అడగలేదు.

దక్కనీలో తీసిన ది అంగ్రేజ్ సినిమా వచ్చినప్పుడు మా గల్లీ మొత్తం సీడీలు మార్చుకుని చూశాం. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు మాటలు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తాయి. చిన్న బడ్జెట్, పెద్ద టెక్నిక్ ఏమీ లేదు. మా మాట మా మాటలాగే వినిపించింది. అంతకంటే ఏం కావాలి ప్రేక్షకుడికి?

పద్మారావునగర్_పిల్ల
శనివారం, సాయంత్రం 5:45

యాకుత్‌పురా అక్కా, కిరాయి ఇంటి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ ఒక్క సీను చాలు ఒక సినిమాకి.

సాయంత్రం_ఏడున్నర
శనివారం, రాత్రి 7:05

మీరంతా సినిమాల గురించే మాట్లాడుతున్నారు. రోజూ ఇంట్లోకి వచ్చేది సీరియల్. దాని గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను వదలకుండా చూస్తాను, అది చూసేవాళ్లకి బుద్ధి లేదనే మాట నాకు నచ్చదు. మా అత్తగారు మంచం మీద ఉన్నన్నాళ్లూ కార్తీకదీపమే మా ఇద్దరికీ మాట కలిపింది. వంటలక్క కోసం ఆవిడ దేవుడికి దీపం పెట్టిన రోజులున్నాయి. వంటలక్కగా చేసిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళం అమ్మాయి అయినా ఆ కళ్లతో తెలుగు ఇళ్లన్నీ గెలిచింది.

సెకండ్‌షో గారు అడిగిన ప్రశ్న మాత్రం సీరియళ్లకి ఇంకా గట్టిగా తగులుతుంది. ఇవన్నీ తీసేది ఈ ఊళ్లోనే. కానీ కథ ఎక్కడినుంచి వస్తోంది? కార్తీకదీపం మలయాళం కథ. బ్రహ్మముడి బెంగాలీ కథ. గుండెనిండా గుడిగంటలు తమిళ కథ. కథ కొనుక్కొచ్చినప్పుడు ఇల్లూ దాంతోపాటే వచ్చేస్తుంది. పెద్ద హాలు, రెండు వైపులా మెట్లు, పట్టుచీరతో నిద్ర. ఆ ఇల్లు హైదరాబాద్‌లో ఏ పేటలో ఉందో నాకు ఇన్నేళ్లుగా తెలియలేదు. రేషన్ కార్డు గురించి, పిల్లల స్కూలు ఫీజు గురించి, లిఫ్ట్ పాడైన అపార్ట్‌మెంట్ గురించి ఏ కోడలూ మాట్లాడదు.

అమృతం గుర్తుందా ఎవరికైనా? 2001లో జెమినీలో మొదలైంది. అమృత విలాస్ హోటల్, సర్వం తెచ్చే ఇడ్లీ, ఇంటి ఓనర్ అప్పాజీ వేసే లెక్కలు. ఇద్దరు మగవాళ్లు హోటల్ నడపలేక పడే పాట్లు, వాళ్ల భార్యల విసుగు. అది ఖచ్చితంగా ఈ ఊరి మధ్యతరగతే. సిరివెన్నెల గారు రాసిన ఆ టైటిల్ పాట వస్తే ఇప్పటికీ మావారు పక్క గదిలోంచి లేచి వస్తారు. అలాంటిది మళ్లీ రోజువారీ టీవీలో ఎందుకు రాదు? సేవ్ ది టైగర్స్ సిరీస్ కొంత ఆ దారిలో వెళ్లింది, నవ్వుకున్నాను. కానీ దానికి ఓటీటీ చందా కట్టాలి. మా పనమ్మాయి చూడలేదు కదా.

డార్లింగ్_అభిమాని
శనివారం, రాత్రి 8:30

బిగ్‌బాస్ ఇల్లు అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే కదా ఆంటీ, బంజారాహిల్స్‌లో. దాంట్లో మన ఊరు లేకపోయినా మనుషులున్నారు. 2023లో పల్లవి ప్రశాంత్ రైతు బిడ్డనని వచ్చి గెలిచాడు. 2025లో కామనర్‌గా వచ్చిన కళ్యాణ్ పడాల గెలిచాడు. సీరియల్ వాళ్లకి దొరకని కథలు అక్కడ దొరుకుతున్నాయి. నేను దాన్ని తక్కువ చేసి చూడను.

తీన్‌మార్_గల్లీ
శనివారం, రాత్రి 9:15

ఎవరూ పాటల దగ్గరికి రాలేదేంటి? నా లెక్కలో హైదరాబాద్ సినిమాలో కంటే పాటలోనే ఎక్కువ బతికుంది.

గణేశ్ నిమజ్జనానికి, బోనాలకి, పెళ్లి బరాత్‌కి వాయించే తీన్‌మార్ దెబ్బ ఎక్కడినుంచి వచ్చింది? మార్ఫా సంగీతం నుంచి. మార్ఫా ఎవరిది? నిజాం సైన్యంలో పనిచేసిన సిద్దీలది. ఆఫ్రికా మూలాలున్న ఆ కుటుంబాలు ఇప్పటికీ ఏసీ గార్డ్స్‌లో ఉన్నాయి. ఆ పేటకి ఆ పేరు వచ్చిందే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల. అంటే హైదరాబాద్‌లో హిందువుల ఊరేగింపు ముందు మోగే దరువులో ఆఫ్రికా, అరబ్బు, దక్కన్ మూడూ కలిసి ఉన్నాయి. ఇలాంటి సంగీతం ఇంకే ఊరికి ఉంది? ఏ సినిమా ఈ కథ చెప్పింది? పాటలో దరువు తీసుకుంటారు, వాయించే మనిషిని ఫ్రేములో చివరన నిలబెడతారు.

రాహుల్ సిప్లిగంజ్ మా వైపువాడు, మంగళ్‌హాట్. నాన్న సెలూన్‌లో పనిచేస్తూ పాడుకున్నాడు. సినిమా అవకాశాల కోసం ఎదురుచూడకుండా యూట్యూబ్‌లో సొంత పాటలు వదిలాడు, గల్లీకా గణేశ్ లాంటివి. అవి మా మండపంలో ప్రతి ఏడూ మోగుతాయి. ఇస్మార్ట్ శంకర్‌లో బోనాల పాటకి మోహన భోగరాజుతో కలిసి గొంతు ఇచ్చాడు. తర్వాత నాటు నాటు, కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద పాడాడు. 2025 బోనాలప్పుడు ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఆ రోజు మా గల్లీలో బ్యాండ్ పెట్టారు. ఇది పాట సాధించిన పని.

ప్రైవేట్ ఫోక్ పాటల సంగతి కూడా చూడండి. రాను బొంబైకి రాను ఎంత దూరం వెళ్లిందో అందరికీ తెలుసు. రాము రాథోడ్ తనే రాసుకుని ప్రభతో కలిసి పాడాడు. వెనకాల పెద్ద ఆడియో కంపెనీ లేదు, హీరో లేడు. అదే ఏడాది సినిమాల్లో వచ్చిన పాటల్లో సగం నాకు రెండో రోజుకే గుర్తులేవు. హుక్ స్టెప్ కోసం నాలుగు లైన్లు, తర్వాత పాట ఎటు వెళ్తుందో కంపోజర్‌కే పట్టింపు లేదు. రీల్‌లో బాగుంటుంది, పూర్తిగా వింటే బోలుగా ఉంటుంది.

సినిమా పాటల్లో నాకు మనసుకి పట్టింది గోదారి గట్టు. భీమ్స్ ట్యూన్, భాస్కరభట్ల మాటలు. రమణ గోగుల అన్నేళ్ల తర్వాత మైకు ముందుకి వచ్చారు, పక్కన మధుప్రియ. ఆయన గొంతులో ఆ పాత రాపిడి అలాగే ఉంది, ఆ అమ్మాయి గొంతులో జానపదం పచ్చిగా ఉంది. రెండూ ఒకదాన్నొకటి మింగకుండా మిక్స్ చేశారు. మాట మాట వినపడుతుంది. ఈ మధ్య పాటల్లో ఇది పెద్ద విషయం, డ్రమ్స్ కింద గాయకుడు ఏం పాడాడో తెలియని పాటలే ఎక్కువ.

కరీంనగర్_బిడ్డ
శనివారం, రాత్రి 9:50

మధుప్రియ చిన్నప్పుడు పాడిన ఆడపిల్లనమ్మా పాట వినని ఇల్లు మా దిక్కు లేదు. ఆ పిల్లకు ఇంత పెద్ద పాట వచ్చినందుకు మస్తు సంబురం.

పద్మారావునగర్_పిల్ల
శనివారం, రాత్రి 10:20

హైదరాబాద్ బస్తీ గురించి మాట్లాడుతూ బేబీ సినిమా గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటాను. 2023లో వచ్చింది, స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు కూడా వచ్చింది, రోహిత్‌కి పాటకి వచ్చింది. పాట విషయంలో నాకు అభ్యంతరం లేదు, ఆ పిల్లాడు ప్రాణం పెట్టి పాడాడు. ఆనంద్ దేవరకొండ, వైష్ణవి చైతన్య ఇద్దరూ బాగా చేశారు.

కానీ ఆ సినిమా బస్తీ అమ్మాయిని చూసిన చూపు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇరుకు ఇంట్లోంచి ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లిన అమ్మాయికి కొత్త బట్టలు వేసుకోవాలనిపించడం, కొత్త స్నేహాలు కావాలనిపించడం పాపమా? బస్తీలో ఉన్నంతసేపు మంచిది, బస్తీ దాటగానే చెడిపోయింది, ఇదే కదా ఆ కథ. థియేటర్‌లో నా వెనక కుర్రాళ్లు ఆ అమ్మాయిని తిడుతూ చప్పట్లు కొట్టారు. నేను వాళ్ల మీద కంటే రాసినవాళ్ల మీద కోపం పెట్టుకున్నాను. మా ఆఫీసులో సగం మంది అమ్మాయిలు అలాంటి ఇళ్ల నుంచే వచ్చారు. మొదటి జీతంతో ఇంట్లో ఫ్రిజ్ కొన్నవాళ్లే అందరూ. వాళ్ల హైదరాబాద్‌ని ఎవరు తీస్తారు?

2025 నవంబర్‌లో వచ్చిన ది గర్ల్‌ఫ్రెండ్ చూశాక కొంచెం ఊపిరి ఆడింది. రాహుల్ రవీంద్రన్ అమ్మాయి వైపు నిలబడి రాశారు, రష్మిక ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసింది. అది కాలేజీ కథ, ఊరి కథ కాదు. ఆ చూపుతో ఒక బస్తీ కథ వస్తే మొదటి ఆట నాదే.

కేపీహెచ్‌బీ_ఆరోఫేజ్
శనివారం, రాత్రి 10:55

బేబీ విషయంలో నేను ఒప్పుకోను అండి. ఆటో నడిపే కుర్రాడి బాధ కూడా నిజమే. దాన్ని అంత పచ్చిగా ఎవరూ చూపించలేదు. అమ్మాయిని చెడ్డది చేశారన్నది మీ మాట, నాకు ముగ్గురూ చిన్నపిల్లల్లా కనిపించారు. మా హాస్టల్‌లో ఆ సినిమా మీద గొడవపడి రెండు రోజులు మాట్లాడుకోని రూమ్మేట్లు ఉన్నారు. అంత దూరం తీసుకెళ్లిందంటే సినిమాలో ప్రాణం ఉన్నట్టే.

పద్మారావునగర్_పిల్ల
శనివారం, రాత్రి 11:02

ప్రాణం ఉంది, ఒప్పుకుంటా. న్యాయం లేదు. నా మాట అదే.

ఆర్ట్‌డిపార్ట్‌మెంట్
ఆదివారం, ఉదయం 8:40

రాత్రి షిఫ్ట్ అయ్యి ఇప్పుడే చూశా. ఒక మంచి మాట చెప్పాలి, మరీ నిరాశ పడకండి. ఇప్పుడు కెమెరాలు చిన్నవయ్యాయి, తక్కువ వెలుతురులో కూడా తీస్తున్నాయి. పదిమంది యూనిట్‌తో తెల్లవారుజామున వెళ్లి గల్లీలో పని కానిచ్చుకు వస్తున్న కుర్రాళ్లు ఉన్నారు. హీరో మొహం ఎవరికీ తెలియకపోవడమే వాళ్ల బలం. 2016లో పెళ్ళిచూపులు చూడండి, తరుణ్ భాస్కర్ ఇళ్లల్లో, రోడ్ల మీద తీశాడు, ఆ తిండి బండి ఈ ఊళ్లోనే తిరిగినట్టు ఉంటుంది. డైలాగ్స్‌కి జాతీయ అవార్డు వచ్చిందంటే ఊరికే రాలేదు. ప్రియదర్శి మాట్లాడుతుంటే పక్కన మనమే కూర్చున్నట్టు ఉండేది. అదే ప్రియదర్శి ఇప్పుడు బలగం, కోర్ట్ తన భుజాల మీద మోశాడు.

అలాంటి సినిమా వచ్చినప్పుడు మొదటి మూడు రోజుల్లో వెళ్లండి. సోమవారం నుంచి షోలు తీసేస్తారు. ఓటీటీలో చూసి ఎంత బాగుందో అని పోస్టు పెడితే తీసినవాడికి ఇంకో సినిమా రాదు. ఇది నేను రోజూ కళ్లారా చూస్తున్నా.

యాకుత్‌పురా
ఆదివారం, ఉదయం 10:15

ఆర్ట్‌డిపార్ట్‌మెంట్ భయ్యా, మీరు ఎప్పుడైనా ఓల్డ్ సిటీ ఇల్లు సెట్ వేయాల్సి వస్తే ఒక మాట. పచ్చ రంగు గోడ, గోడ మీద కత్తి, ఇవి వద్దు. మా ఇంట్లో కాలితో తొక్కి నడిపే పాత కుట్టు మిషన్ ఉంటుంది, దాని మీద చెల్లి ల్యాప్‌టాప్. ఫ్రిజ్ మీద మందుల డబ్బా. గోడకి బ్యాంకు వాళ్లిచ్చిన తెలుగు క్యాలెండర్ ఒకటి, ఉర్దూ క్యాలెండర్ ఒకటి, రెండూ పక్కపక్కనే. మామూలు ఇల్లు వేయండి చాలు.

ఆర్ట్‌డిపార్ట్‌మెంట్
ఆదివారం, ఉదయం 10:32

రాసిపెట్టుకున్నా చెల్లీ. రెండు క్యాలెండర్లు నాకు ఎప్పటికీ తట్టేవి కావు. ఇంకా ఏమేం ఉంటాయో చెప్పు, వంటింట్లో సామాను, తలుపు దగ్గర చెప్పులు ఎక్కడ వదులుతారు, ఏదైనా సరే. మా డైరెక్టర్ వినేవాడే.

చిక్కడపల్లి_సెకండ్‌షో
ఆదివారం, ఉదయం 11:00

ఇది అందరూ చేద్దాం. మీ మీ పేటల ఇళ్లు, గల్లీలు, పండగలు ఎలా ఉంటాయో కింద రాయండి, ఫోటోలు పెట్టకపోయినా పర్లేదు. నేను చిక్కడపల్లి నుంచి మొదలుపెడతా. సుధా హోటల్ దగ్గరి మలుపు నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా, సెకండ్ షో వదిలాక అర్ధరాత్రి ఎలా ఉంటుందో సాయంత్రానికి రాస్తాను. సంధ్య, దేవి, సుదర్శన్ మూడూ ఒకేసారి వదిలినప్పుడు ఆ రోడ్డు మీద జనం ఏ సినిమా గురించి మాట్లాడుకుంటున్నారో వింటే చాలు, సోమవారం దాకా ఆగి కలెక్షన్లు చూడక్కర్లేదు.